తిరగరాసిన నోటు, నెత్తిన చిన్న అంకె

మొన్న ఆదివారం మా మేనకోడలు లెక్కల నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. ఎనిమిదో తరగతి. ఘాతాంకాల పాఠం, అంటే సంఖ్య నెత్తిన వేసే చిన్న అంకెల పాఠం, అయిపోయింది, మంగళవారం పరీక్ష. ఒక పేజీలో ఎర్ర స్కెచ్‌తో డబ్బా గీసి, అందులో ఏడు సూత్రాలు వరుసగా రాసుకుని, ఒక్కోదాని పక్కన ఒక్కో నక్షత్రం పెట్టుకుంది. "ఇవన్నీ వచ్చేశాయి మావయ్యా, ఏదైనా అడుగు" అంది. అడిగితే గడగడా అప్పజెప్పింది. భూములు (నెత్తిన అంకెను మోసే కింది సంఖ్యలు) ఒకటే అయి గుణకారమైతే ఘాతాంకాలు కూడాలి, భాగహారమైతే తీసెయ్యాలి, ఘాతానికి మళ్లీ ఘాతమైతే గుణించాలి, సున్నా ఘాతమైతే ఒకటి. ఎక్కడా తడుముకోలేదు. సరే తల్లీ, 2³ + 2² ఎంత అన్నాను. పెన్ను తియ్యకుండా 2⁵ అని రాసి, పక్కన 32 వేసి, కింద రెండు గీతలు కొట్టింది.

2³ అంటే 8, 2² అంటే 4, రెండూ కలిపితే 12.

పిల్లది తెలివైనది, ఎనిమిదీ నాలుగూ కలిపితే పన్నెండని ఒకటో తరగతిలోనే తెలుసు. కానీ ఆ క్షణంలో దానికి 2³ ఒక సంఖ్యగా కనిపించలేదు. సూత్రం వెయ్యాల్సిన ఒక గుర్తుగా కనిపించింది. రెండు గుర్తులు పక్కపక్కన ఉన్నాయి, పైన 3, 2 ఉన్నాయి, కూడెయ్యమని డబ్బాలో రాసుంది, కూడేసింది. నేను చెప్పాలనుకున్నది ఇదే, ముందే చెప్పేస్తాను: ఈ పాఠంలో సూత్రాల డబ్బా మొదటి రోజే ఇవ్వకూడదు. ఘాతాంకం అంటే ఎన్నిసార్లు గుణించామో లెక్కపెట్టుకున్న అంకె, అంతకుమించి ఏమీ కాదు. ఆ లెక్కపెట్టడం చేతికి అలవాటైన పిల్ల ఏడు సూత్రాలనూ అరపేజీలో తనే రాబట్టుకుంటుంది. అలవాటు కాని పిల్ల ఏడింటినీ అప్పజెప్పి 12కి బదులు 32 వేస్తుంది.

నేను ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ పాఠం సరిగా రాకపోవడానికి మా ఇంట్లో ఒక ఖరీదు కట్టాం. రూపాయలతో సహా చెబుతాను.

1996లో నాన్న పత్తి పెట్టుబడికి ఊళ్లో ఒకాయన దగ్గర పదివేలు అప్పు తెచ్చాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ. మన ఊళ్లలో వడ్డీ ఏడాదికింత అని చెప్పుకోరు, వందకు నెలకు ఎంత అనే చెప్పుకుంటారు, కాబట్టి పదివేలకు నెలకు రెండు వందలు. ప్రామిసరీ నోటు రాసి, రెవెన్యూ స్టాంపు అంటించి, స్టాంపు మీదుగా సంతకం పెట్టాడు. నోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది. అందుకని ఆలోపు తీర్చలేనివాళ్ల చేత నోటు తిరగరాయిస్తారు. తిరగరాసేటప్పుడు అప్పటిదాకా అయిన వడ్డీని అసలులో కలిపి, ఆ మొత్తాన్నే కొత్త అసలుగా వేస్తారు. ఇందులో దాచిందేమీ లేదు, పల్లెల్లో అందరికీ తెలిసిన పద్ధతే.

మూడేళ్లకు, అంటే ముప్పై ఆరు నెలలకు, వందకు డెబ్బై రెండు రూపాయల వడ్డీ. పదివేలకు 7,200. 1999లో నోటు 17,200కి తిరగరాశారు. 2002లో 29,584కి. ఒక ఏడు పురుగు, ఒక ఏడు ధర లేదు, ఇంకో ఏడు అక్క పెళ్లి, అసలు జోలికి వెళ్లే వీలే దొరకలేదు. 2005లో ఎలాగోలా తీర్చేద్దామని వెళితే ఆయన వేసిన లెక్క 50,884 రూపాయల 48 పైసలు.

నాన్న మనసులో ఉన్న లెక్క వేరు. నెలకు రెండు వందలు, తొమ్మిదేళ్లకు నూట ఎనిమిది నెలలు, వడ్డీ 21,600, అసలుతో కలిపి 31,600. పోనీ పైన ఒక వెయ్యి అటూ ఇటూ. యాభై వేలు ఎలా అయ్యిందో ఆయనకు ఎంతకీ అంతుపట్టలేదు. నన్ను మోసం చేశాడురా అన్నాడు. నేనప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం, పదో తరగతిలో లెక్కల్లో తొంభై పైన వచ్చినవాణ్ణి. పాత నోట్లు రెండూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. కూడికలన్నీ సరిగ్గానే ఉన్నాయి. తేడా ఎక్కడిదో మాత్రం నాన్నకు చెప్పలేకపోయాను. రెండు గేదెలు అమ్మి, అమ్మ గొలుసు బ్యాంకులో కుదువ పెట్టి ఆ అప్పు తీర్చాం.

ఆ తేడా అంతా ఒక చిన్న అంకెలో ఉంది. వంద రూపాయలు మూడేళ్లకు 172 అవుతాయి, అంటే మూడేళ్లు గడిచిన ప్రతిసారీ పాత మొత్తం 1.72 రెట్లవుతుంది. ఒకసారికి 10,000 × 1.72. రెండోసారికి 10,000 × 1.72 × 1.72. మూడోసారికి ఇంకో 1.72. పొట్టిగా రాస్తే 10,000 × 1.72³. నేను ఏడో తరగతి నుంచి వందసార్లు రాసిన గుర్తే అది, కాకపోతే నోటు మీద ఆ రూపంలో రాసి లేదు. నాన్న కూడుకుంటూ పోయాడు, నోటు గుణించుకుంటూ పోయింది.

ఇప్పుడు పిల్లలకు ఈ పాఠం చెప్పాల్సి వస్తే ఆ నోటుతోనే మొదలుపెడతాను. ఎందుకంటే డబ్బాలోని సూత్రాలన్నీ అందులో ఉన్నాయి.

మొదట సున్నా సంగతి. ఏ సంఖ్యకైనా సున్నా ఘాతం ఒకటి అని మాకు చెప్పిన మాస్టారు, ఎందుకండీ అని ఒక పిల్లాడు అడిగితే, అదంతే, రాసుకో అన్నారు. ఆ పిల్లాడి అనుమానం న్యాయమైనది. సున్నాసార్లు గుణిస్తే సున్నా రావాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నోటులో చూడండి. ఒక్కసారీ తిరగరాయని రోజు, అంటే అప్పు తెచ్చిన రోజున బాకీ ఎంత? పదివేలే. ఆ రోజు లెక్కను అదే పద్ధతిలో రాస్తే 10,000 × 1.72⁰. 1.72⁰ సున్నా అయితే డబ్బు చేతిలో పడిన రోజే బాకీ మాఫీ అయినట్టు. దేన్నీ పెంచకుండా, తగ్గించకుండా ఉన్నదున్నట్టు ఉంచే గుణకం ఒకటే, కాబట్టి అది 1 కావాల్సిందే. గుణకారంలో ఏమీ చెయ్యకపోవడం అంటే ఒకటితో గుణించడం. ఇది ఒకసారి మనసులో దిగితే ఇక బట్టీ పట్టే పనిలేదు. (భూమి కూడా సున్నా అయినప్పుడు సంగతి వేరు. 0⁰ జోలికి బడి లెక్కల్లో వెళ్లం, పాఠంలో కూడా భూమి సున్నా కాకూడదనే షరతు పెట్టే ఉంటుంది.)

రుణ ఘాతాంకం అంటే పిల్లలకు ఇంకా భయం. 2⁻³ చూడగానే జవాబు మైనస్ ఎనిమిదని వేసేవాళ్లు ఎంతమందో. నోటులో వెనక్కి నడవండి. ఇవాళ్టికి పదివేలు కావాలంటే మూడేళ్ల కిందట ఎంత అప్పు తెచ్చి ఉండాలి? ముందుకు వెళ్లడానికి 1.72తో గుణించాం కాబట్టి వెనక్కి రావడానికి 1.72తో భాగించాలి. సుమారు 5,814. అదే 10,000 × 1.72⁻¹. మైనస్ గుర్తు బాకీని రుణసంఖ్యగా మార్చలేదు, నడక దిక్కు మాత్రమే మార్చింది. రెండుతో చూసినా అంతే: 2⁴, 2³, 2², 2¹ అంటే 16, 8, 4, 2. ఒక్కో మెట్టు దిగితే సగం. ఇంకో మెట్టు దిగితే 1, ఇంకో మెట్టు దిగితే అర, ఆ కింద పావు, ఆ కింద అరపావు. మెట్లు ఎక్కడా విరగలేదు, ఒకటి దగ్గర ఆగమని ఎవరూ అనలేదు. 2⁻³ అంటే ఆ అరపావే, ఎనిమిదిలో ఒకటో వంతు.

నెత్తిన భిన్నం ఉంటే? సగం దారి. మూడేళ్లకు 1.72 రెట్లు అయ్యేది ఒకే తీరున పెరుగుతూ పోతే ఏడాదిన్నరకు ఎన్ని రెట్లు? ఏ సంఖ్యను దానితోనే గుణిస్తే 1.72 వస్తుందో అంత, సుమారు 1.31. కాబట్టి అర ఘాతం అంటే వర్గమూలం. పై తరగతులకు వెళ్లాక దీని మీద చాలా ఉంటుంది, ఇప్పటికి ఇది చాలు.

సూత్రాల్లో మొదటిది, కూడేది, మనం రోజూ పేపర్లో చదువుతూనే ఉన్నాం. లక్ష కోట్లు. లక్షకు ఐదు సున్నాలు, కోటికి ఏడు. లక్ష కోట్లకు ఎన్ని? పన్నెండు. కిరాణా కొట్టాయన్ని అడిగినా ఐదూ ఏడూ పన్నెండు అనే చెబుతాడు, ముప్పై ఐదు అనడు. అదే 10⁵ × 10⁷ = 10¹². ఐదు పదులు ఒక వరుస, ఏడు పదులు ఇంకో వరుస, రెండు వరుసలూ కలిపితే పన్నెండు పదుల వరుస. సున్నాలు లెక్కపెట్టడం వచ్చినవాడికి ఈ సూత్రం వచ్చినట్టే. అదే లక్ష కూడిక కోటి అయితే? ఒక కోటీ ఒక లక్ష. అక్కడ సున్నాలు కలపాలని ఎవరికీ తోచదు, ఎందుకంటే లక్ష ఎంతో, కోటి ఎంతో మనకు కళ్లకు కడుతుంది. మా మేనకోడలికి 2³ + 2² దగ్గర జరిగింది ఇదే, అవి ఎంతెంతో కళ్లకు కట్టలేదు.

మాటల గురించి ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన సంగతి. ఘాతం అంటే దెబ్బ. పాత సంస్కృత గణితంలో గుణకారానికి హతి, వధ, ఘాతం అనే మాటలు వాడారు, ఘాతం అంటే అక్కడ లబ్ధం. మన ఘాతాంకంలో ఉన్నది అదే మాట. ఇప్పటిలా నెత్తిన అంకె వేసే పద్ధతి రాకముందు మనవాళ్లు ఘాతాలకు పేర్లు పెట్టుకున్నారు: రెండోది వర్గం, మూడోది ఘనం, నాలుగోది వర్గవర్గం. ఐదోదాన్ని వర్గఘనఘాతం అన్నారు, అంటే వర్గాన్నీ ఘనాన్నీ గుణించగా వచ్చినది. రెండూ మూడూ ఐదు. ఆరోదాన్ని ఘనవర్గం అన్నారు, ఘనానికి మళ్లీ వర్గం. మూడు రెళ్లు ఆరు. ఎర్ర డబ్బాలో పిల్లలు తికమకపడే రెండు సూత్రాలూ, ఎప్పుడు కూడాలి, ఎప్పుడు గుణించాలి అన్నది, ఈ రెండు పేర్లలోనే విడివిడిగా ఉంది. చిన్న అంకెను భూమికి కుడివైపు కాస్త ఎత్తున రాసే అలవాటు 1637లో ఫ్రెంచ్ గణితవేత్త డెకార్ట్ పుస్తకంతో స్థిరపడింది. ఆయన కూడా వర్గానికి చాలాచోట్ల అదే అక్షరాన్ని రెండుసార్లు పక్కపక్కన రాసేవాడు. అంటే ఆ గుర్తును వాడుకలోకి తెచ్చినవాడు కూడా అవసరమైనచోట విప్పి రాసుకున్నాడు. మన పిల్లల్ని ఎందుకు విప్పి రాయనివ్వం?

విప్పి రాయడం అనే పనికి నేను ఇచ్చినంత విలువ చాలామంది ఇవ్వరు. టైమ్ వేస్ట్ అంటారు. నాకు తెలిసిన ట్యూషన్ మాస్టారు ఒకాయన నాతో గట్టిగానే వాదించాడు. క్లాసులో అరవై మంది, సిలబస్ తరుముతుంటుంది, రేపు ఎప్‌సెట్ లాంటి ప్రవేశ పరీక్షల్లో ఒక్కో లెక్కకు నిమిషం, అక్కడ 7⁸ ÷ 7⁶ అని ఇస్తే ఎనిమిది ఏడులు రాసుకుంటూ కూర్చుంటారా అన్నాడు. ఆయన మాటలో నిజం ఉంది. వేగం కావాల్సిన చోట సూత్రం నాలుక చివర ఉండాలి, నేను కాదనను. నా గొడవ వరస గురించి. పది లెక్కలు విప్పి రాసిన పిల్లకు పదకొండోదాని దగ్గర చెయ్యి నొప్పి పుడుతుంది, ఎనిమిదింట్లో ఆరు కొట్టేస్తే రెండే కదా మిగిలేది, 49 అని తనే అంటుంది. అప్పుడు సూత్రం దాని సొంతం. పరీక్ష హాల్లో టెన్షన్‌లో సూత్రం మర్చిపోయినా మూలన పెన్సిల్‌తో విప్పుకుని తెచ్చుకోగలదు. డబ్బా నుంచి తెచ్చుకున్న సూత్రం మర్చిపోతే తెచ్చుకోవడానికి ఇంకేమీ ఉండదు. మొదటి వారం నెమ్మదిగా వెళితే పోయేది రెండు పీరియడ్లు. ఆ రెండు పీరియడ్లు మిగుల్చుకుని, తర్వాత మూడేళ్లపాటు అవే తప్పులు దిద్దుతూ కూర్చుంటున్నాం.

ఆ తప్పుల్లో సగం ఒకే కారణంతో వస్తాయి. చిన్న అంకె ఎవరి నెత్తిన ఉంటే వాళ్లదే, పక్కవాళ్లది కాదు. 10,000 × 1.72³లో ఆ 3 అంకె 1.72ది. పదివేలకు దానితో సంబంధం లేదు. అసలు ఒక్కసారే ఇచ్చారు, వడ్డీ కలిసింది మూడుసార్లు. ఇది పట్టించుకోకుండా ముందు గుణించేసి 17,200 చేసి, దానికి ఘనం కడితే వచ్చే బాకీ ఐదు లక్షల కోట్ల పైన. మన రెండు రాష్ట్రాల్లో ఏ ఒక్కదాని ఏడాది బడ్జెట్టూ అంత లేదు. −3² దగ్గరా ఇదే సంగతి: చిన్న 2 అంకె 3 నెత్తిన ఉంది, మైనస్ బయట ఉంది, కాబట్టి ముందు 9, తర్వాత మైనస్, జవాబు −9. మైనస్‌కు కూడా వర్గం కావాలంటే బ్రాకెట్‌లోకి తీసుకోవాలి, (−3)², అప్పుడు 9. 5క² అని ఉంటే (బడిలో ఎక్స్ అంటాం, ఇక్కడ క అనుకుందాం) వర్గం క ఒక్కదానికే, ఐదుకు కాదు. బ్రాకెట్ అంటే వీళ్లంతా ఒక కుటుంబం, నెత్తిన వేసిన అంకె అందరికీ చెందుతుంది అని చెప్పడం.

మిగతా సగం తప్పులు కూడికకు వర్గం కట్టేటప్పుడు వస్తాయి. 13²ను 10², 3² గా విడగొట్టి 109 వేసే పిల్లలు చాలామంది. నిజానికి 169. ఆ అరవై ఎక్కడ పోయింది? గళ్ల నోటుబుక్కులో పదమూడు గళ్ల నిలువు, పదమూడు గళ్ల అడ్డం చతురస్రం గీసి, పది దగ్గర ఒక గీత అడ్డంగా, ఒక గీత నిలువుగా లాగండి. పెద్ద చతురస్రం వంద గళ్లు, మూల చతురస్రం తొమ్మిది, మధ్యలో రెండు పట్టీలు మిగులుతాయి, ఒక్కోదాంట్లో ముప్పై. పిల్లలు ఆ రెండు పట్టీలను వదిలేస్తున్నారు.

ఈ బొమ్మ గీసి చూపిస్తున్న రోజునే నాకు నాన్న లెక్క అర్థమైంది. అప్పటికి ఆ బాకీ తీర్చి చాలా ఏళ్లయింది. 1.72 అంటే 1 + 0.72. ఒకటి అసలు, 0.72 మూడేళ్ల వడ్డీ. దానికి వర్గం కడితే అదే బొమ్మ వస్తుంది. పెద్ద చతురస్రం 1, రెండు పట్టీలు కలిపి 1.44, మూల చతురస్రం 0.5184. మొత్తం 2.9584. పదివేలతో గుణిస్తే 29,584, రెండోసారి తిరగరాసిన నోటు మీద ఉన్న అంకె. ఇందులో పెద్ద చతురస్రం నాన్న తెచ్చిన పదివేలు. రెండు పట్టీలు ఆరేళ్ల వడ్డీ 14,400, నెలకు రెండు వందల చొప్పున నాన్న లెక్కపెట్టుకున్నదే. మూల చతురస్రం 5,184. అది వడ్డీ మీద వడ్డీ. పిల్లలు పట్టీలను వదిలేస్తారు, నాన్న మూల చతురస్రాన్ని వదిలేశాడు. మూడోసారి వడ్డీ కలిసేసరికి చతురస్రం ఘనం అయింది, అలాంటి మూలలు ఎక్కువయ్యాయి, అన్నీ కలిపి 19,284 రూపాయలు. 31,600కీ 50,884కీ మధ్య ఉన్న తేడా సరిగ్గా అదే. అప్పిచ్చినాయన మోసం చెయ్యలేదు. నాన్న లెక్కా తప్పు కాదు, బారువడ్డీకి అది సరైన లెక్క. నోటు తిరగరాసిన రోజున బారువడ్డీ చక్రవడ్డీగా మారిందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇంకో తేడా కూడా చెప్పుకోవాలి, బీజగణితంలోకి వెళ్లాక దీని దగ్గరే చాలామంది జారతారు. క² వేరు, 2^క వేరు. (నెత్తిన అక్షరం వెయ్యడం ఇక్కడ కుదరక ^ గుర్తు వాడుతున్నాను, ఫోన్లో అందరూ చేసే పనే.) మొదటిదాంట్లో చరరాశి, అంటే విలువ మారే క, కింద, భూమి స్థానంలో ఉంది. రెండోదాంట్లో నెత్తిన ఉంది. చూడ్డానికి స్థానాలు మారాయంతే. క విలువ 2 అయితే రెండూ 4. 3 అయితే 9, 8, వర్గమే ముందుంది. 4 అయితే మళ్లీ సమానం, 16. ఐదు దగ్గర 25, 32. పది దగ్గర 100, 1,024. ఇరవై దగ్గర ఒకటి 400, రెండోది పది లక్షల 48 వేల 576. మొదట్లో పక్కపక్కనే నడిచి, ఒక్కోసారి వెనకబడి కూడా, ఆ తర్వాత ఇక అందకుండా పోయే ఈ రెండోదాన్నే ఘాతాంక సమాసం అంటారు. నాన్న నోటు ఈ రకంది. మొదటి మూడేళ్లు బారువడ్డీతో సమానంగా నడిచింది కాబట్టే ఆయనకు అనుమానం రాలేదు.

ఇది మనకు కొత్తగా వచ్చిన ఎరుక కాదు. చదరంగం గళ్లలో మొదటి గడికి ఒక గింజ, రెండోదానికి రెండు, మూడోదానికి నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ అరవై నాలుగు గళ్లు నింపితే ఎన్ని గింజలన్నది తెలుగులో ఒక చంపకమాలలో ఇమిడి ఉంది, పాతకాలపు గణిత కవి పావులూరి మల్లన పద్యంగా దానికి పేరు. అంకెలకు బదులు మాటలుంటాయి, చివరి అంకె నుంచి మొదలుపెట్టి వెనక్కి చదువుకోవాలి. శర, శశి, షట్క, చంద్ర అని మొదలవుతుంది: మన్మథుడి బాణాలు ఐదు, చంద్రుడు ఒకటి, షట్కం ఆరు, చంద్రుడు ఒకటి, కాబట్టి సంఖ్య చివర 1615. ఇలా పోగా పోగా కుంజరం ఎనిమిది, తుహినాంశుడు ఒకటి దగ్గర ఆగుతుంది. తిరగేసి రాస్తే 18446744073709551615. ఇరవై అంకెలు. ఫోన్లో 2⁶⁴ కట్టించి ఒకటి తీసేసి సరిచూశాను, ఒక్క అంకె తేడా లేదు. కాలిక్యులేటర్ లేని రోజుల్లో, గణాలూ యతిప్రాసలూ చెడకుండా. గింజ 25 మిల్లీగ్రాములనుకుంటే ఆ బియ్యం 46 వేల కోట్ల టన్నులు. ఆ పద్యాన్ని తెలుగు క్లాసులోనూ లెక్కల క్లాసులోనూ ఒకే వారం చెబితే బాగుంటుందని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఆదివారం సంగతి పూర్తి చేస్తాను. 32 కొట్టేయించి, ఎర్ర డబ్బా ఉన్న పేజీ మూయించి, మా మేనకోడలికి నోటు కథంతా చెప్పాను. తాతయ్య కథ కాబట్టి చెవులు రిక్కించి వింది. మూడు సంతకాలు, మూడు 1.72లు విప్పి రాసింది, దశాంశాలతో గుణకారాలు చేతితోనే చేసి 5.088448 తెచ్చింది, పదివేలతో గుణించి 48 పైసలతో సహా సరిపోయేసరికి మొహం వెలిగిపోయింది. కాసేపు పెన్ను కొరుకుతూ కూర్చుని, "మావయ్యా, మూడేళ్లకోసారి కాకుండా ప్రతి ఏడాదీ తిరగరాయించుకుని ఉంటే?" అంది.

నువ్వే చూడు అన్నాను. ఏడాదికి వందకు 24, కాబట్టి 1.24. తొమ్మిదేళ్లు, 1.24⁹. తొమ్మిది 1.24లు వరుసగా రాసింది. ఇన్ని గుణకారాలా అని నిట్టూర్చి, మూడేసి మూడేసి చుట్టూ సున్నా చుట్టింది. మూడు గుంపులు. ఒక గుంపు విలువ కట్టింది, 1.906624. అంటే మూడేళ్లకే 1.72 దాటిపోయింది అని గట్టిగా అంది. తర్వాత ఆ ఒక్కదానికే ఘనం కడితే సరిపోతుంది, మిగతా రెండు గుంపులూ ఇదే కదా అని నా మొహంలోకి చూసింది. ఘాతానికి మళ్లీ ఘాతమైతే గుణించాలి అన్న సూత్రం అది. ఆ సంగతి నేను గుర్తు చెయ్యలేదు. జవాబు 69,310 రూపాయలకు పన్నెండు పైసలు తక్కువ వచ్చింది.

"ఇంకా నయం, తాతయ్య మూడేళ్లకోసారే సంతకం పెట్టాడు" అని, ఆ కాగితం మడిచి నోటుబుక్కులో పెట్టుకుంది.